పెళ్ళి పందిరి, పెరటి శోభ: చేతిపనిలోని మేలు

వివాహం ఏ మతస్థులకైనా, ఏ ప్రాంతీయులకైనా పరమ పవిత్రమైన శుభకార్యం. రెండు కుటుంబాలు ఒకటి కావడానికి ఊరు ఊరంతా సాక్ష్యం పలికే సమయమది. ఆ సంతోషాన్ని నలుగురి కన్నులకూ కనిపించేటట్లు చేయాలన్న కోరికలోనుండి అలంకరణ పుట్టింది. తెలుగువారి ఇంట పచ్చని పందిరి, మామిడాకుల తోరణం, వాకిట ముగ్గు. దక్కను ముస్లిముల ఇంట రంగు కాగితాల జండాలు, పూల సెహ్రా, అరచేత మెహందీ. ఇవన్నీ ఆ కోరికకు రూపాలే. ఒకప్పుడు వీటిలో చాలా భాగం అంగడినుండి వచ్చేది కాదు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, బంధువులు కలిసి కూర్చుని తమ చేతులతో చేసుకొనేవారు.

నేడు పరిస్థితి మారింది. మండపాన్ని అద్దెకు తీసుకోవడం, దానికి రెడీమేడ్ అలంకరణ కట్టించడం, తెల్లవారేసరికి దానిని విప్పి పారవేయడం పట్టణాలలో పరిపాటి అయినది. కలిగినవారికి ఇది వేడుక. కాని వారిని చూచి, వారితో సమానంగా కనిపించాలని తాపత్రయపడే సామాన్య కుటుంబానికి ఇది అప్పు. పెళ్ళి ఒక్క పూటలో ముగుస్తుంది. అప్పు ఏండ్ల తరబడి ఆ ఇంటిని వెన్నాడుతుంది. ఆ అప్పు తీర్చడానికి చెల్లెలి చదువో, తమ్ముని ఫీజో బలి కావడం అరుదైన విషయం కాదు. కనుక అలంకరణను గూర్చి ఆలోచించడం కేవలం సౌందర్య విషయం కాదనీ, అది మన చదువులకు, మన ఇండ్ల క్షేమానికి సంబంధించిన విషయమనీ మేము భావిస్తున్నాము.

నిజానికి పెళ్ళికి ఆవశ్యకమైనవి చాలా కొద్ది. నికాహ్‌కు కావలసినవి ఉభయుల అంగీకారం, సాక్షులు, మహర్. 1955 నాటి హిందూ వివాహ చట్టం కోరేది ఆచారానుసారమైన సంస్కారాన్నే. పందిరి ఎంత ఎత్తుండాలని గాని, పూలెన్ని ఉండాలని గాని ఏ ధర్మమూ, ఏ శాసనమూ నిర్ణయించలేదు. అలంకరణ మన ఇష్టం. ఇష్టమైనదానిని మన శక్తికి తగినట్లు, మన చేతులతో చేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అది ఏ విధంగా సాధ్యమో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాము.

పందిరి నిర్మాణం

ముందుగా పందిరిని గూర్చి తెలుసుకుందాము. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు గల పెరడు ఉన్నదనుకుందాము. దాని వైశాల్యం 800 చదరపు అడుగులు. నడవడానికి దారితో కలిపి ఒక్కొక్కరికి 8 చదరపు అడుగుల చొప్పున లెక్క వేసుకుంటే 100 మంది సుఖంగా కూర్చోవచ్చు. అంతకన్న ఎక్కువమంది వచ్చేటట్లయితే పందిరిని పెంచడంకంటె పంక్తులను రెండుగా చేయడం మేలు.

పది అడుగులకొక గుంజ చొప్పున పొడవు వెంట ఐదు గుంజలు కావాలి. అటువంటి వరుసలు మూడు: రెండు అంచులకు రెండు, మధ్య ఒకటి. వెరసి 15 వెదురు గుంజలు. ప్రతి గుంజను రెండడుగుల లోతు గోతిలో పాతి, చుట్టూ రాళ్ళు దిమ్మిసా చేయాలి. మధ్య వరుసను అంచులకంటె ఒకటి రెండడుగులు ఎత్తుగా నిలిపితే అకాల వర్షం వచ్చినా నీరు నిలువక జారిపోతుంది. గుంజల తలలపై వాసాలు కట్టి, వాటిపై కొబ్బరి మట్టలో, తాటాకులో పరచాలి. కొబ్బరి మట్టను నడి ఈనె వెంట నిలువునా చీల్చి, రెమ్మలను ఒకదాని క్రింద ఒకటిగా చాపవలె అల్లితే అది ఎండను ఆపుతుంది, గాలిని మాత్రం పోనిస్తుంది. రేకుల పందిరి క్రింద ఉక్కపోయడానికి, ఆకుల పందిరి క్రింద హాయిగా ఉండడానికి కారణం ఇదే.

చతురస్రాకారంగా కట్టిన కట్టడం గాలికి ఒక ప్రక్కకు ఒరుగుతుంది. త్రికోణం ఒరగదు. జ్యామితిలో మనం చదువుకొన్న ఈ సత్యం పందిరి వేసేవారికి అనుభవంలో తెలుసు. అందుకే నాలుగు మూలల గుంజలకు ఏటవాలుగా ఒక్కొక్క బొంగును అడ్డకట్టుగా బిగిస్తారు. ఈ అడ్డకట్టును ఎన్నడూ మరువరాదు.

తోరణాలు, జండాలు

మామిడాకు త్వరగా వాడదు. దాని పైపొర దళసరిగా, మైనపు పూతతో ఉండడంవల్ల ఆకులోని తేమ నెమ్మదిగా గాని పోదు. తోరణానికి పెద్దలు దానిని ఎన్నుకోవడంలో శుభసూచనతోపాటు ఈ సౌకర్యం కూడా ఉన్నది. ఆకు తొడిమ వైపును పురికొస మీదుగా మడిచి, చీపురుపుల్లతో గుచ్చితే చాలు. మూడడుగుల ద్వారబంధానికి రెండంగుళాలకొక ఆకు చొప్పున 18 ఆకులు కావాలి. నడుమ నడుమ బంతిపూలు గుచ్చితే పచ్చదనంపై పసుపు, నారింజ వన్నెలు ప్రకాశిస్తాయి.

కాగితపు జండాలకు గాలిపటాల కాగితం మంచిది. "కాగితం" అనే మాట మనకు పారసీకపు "కాగజ్" నుండి వచ్చినది. కాగితాలను లెక్కించే "దస్తా" కూడా అటువంటిదే. ఇరవై నాలుగు ఠావులు ఒక దస్తా. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు గల ఒక ఠావును 10 అంగుళాలు, 5 అంగుళాల కొలతతో కోస్తే 12 ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కను పొడవులో సగానికి మడిచి, మడత రెండు కొసలనుండి ఎదుటి అంచు మధ్యకు కత్తిరిస్తే మడత చోట అతుక్కొని ఉన్న జంట త్రికోణం తయారవుతుంది. మడతలోనుండి పురికొసను పోనిచ్చి లోపల బంక రాస్తే జండా నిలుస్తుంది. జండా వెడల్పు 5 అంగుళాలు, ఎడం ఒక అంగుళం. అంటే ఒక్క ఠావుతో 6 అడుగుల తోరణం.

మన పందిరి చుట్టుకొలత 120 అడుగులు. రెండు మూలల నుండి ఎదుటి మూలలకు కట్టే అడ్డుతోరణాలు ఒక్కొక్కటి సుమారు 45 అడుగులు. మొత్తం 210 అడుగులు. వేలాడే వంపుకోసం పదవ వంతు కలుపుకొంటే 231 అడుగులు. దీనికి 39 ఠావులు, అనగా రెండు దస్తాలలోపు కాగితం సరిపోతుంది. జండాలు 468 అవుతాయి. జండాకు ఒక నిమిషం చొప్పున ఒక్కరే చేస్తే దాదాపు 8 గంటల పని. నలుగురు కలిసి కూర్చుంటే రెండు గంటల ముచ్చట.

బంకను కొననక్కరలేదు. ఒక వంతు మైదాను కొద్దిపాటి చన్నీటిలో ఉండలు లేకుండా కలిపి, నాలుగైదు వంతుల వేడినీటిలో పోస్తూ సన్నని సెగమీద కలియబెట్టాలి. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే పిండి రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బి చిక్కబడతాయి. రంగు పారదర్శకంగా మారినప్పుడు దించాలి. నాలుగు రోజులు నిలువ ఉంచవలసివస్తే పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయడం కద్దు. అయితే అది విషపదార్థం గనుక ఆ గిన్నెను వంట గిన్నెలలో కలుపకుండా, పసిపిల్లలకు అందకుండా ఉంచాలి. ఆ పూటకు ఆ పూట చేసుకొనే బంకకు దాని అవసరమే లేదు.

ముగ్గు, జాలీ

అలంకరణలో రెండు సంస్కృతులు ఎక్కడ కలుసుకొంటాయో చూపడానికి ముగ్గుకంటె మంచి ఉదాహరణ లేదు. మన ఆడపడుచులు "సందు చుక్కల" ముగ్గు పెట్టేటప్పుడు మధ్య వరుసలో ఏడు చుక్కలు పెట్టి, పైకి, క్రిందికి ఆరు, ఐదు, నాలుగు చుక్కల వరుసలను సందులలో పెడతారు. 4, 5, 6, 7, 6, 5, 4: మొత్తం 37 చుక్కలు. ఇవి షడ్భుజాకారంగా అమరుతాయి. దీనిలో ఆరు కొనల నక్షత్రాలు, ఆరు రేకుల పూలు సహజంగా ఒదుగుతాయి.

ఇప్పుడు దక్కనులోను, ఉత్తరాదిలోను పాత కట్టడాల రాతి జాలీలను పరిశీలించండి. వాటిలో కనిపించే ఆరు కొనల నక్షత్రం కూడా ఇదే షడ్భుజపు అమరికపై ఆధారపడినది. శిల్పి వృత్తలేఖినితో ఒక వృత్తం గీచి, అదే వ్యాసార్ధంతో పరిధిని ఆరు సమభాగాలు చేస్తాడు. ఇంటి ఇల్లాలు వ్రేళ్ళతో చుక్కలు పెడుతుంది. సాధనాలు వేరు, గణితం ఒకటి. ఒకరు రాతిని తొలిచి వెలుతురుకు దారి చేస్తే, ఒకరు పిండితో నేలను వెలిగిస్తారు. ఈ సంగతి గ్రహిస్తే, పెళ్ళివారి వాకిట ముగ్గు వేసే తెలుగు విద్యార్థిని, నికాహ్ వేదిక వెనుక కాగితపు జాలీ కత్తిరించే ఉర్దూ విద్యార్థిని ఒకే పాఠాన్ని చదువుతున్నారని తెలుస్తుంది.

కాగితపు జాలీ చేయడం సులభం. చదరపు కాగితాన్ని సగానికి మడిచి, మడత మధ్యబిందువు వద్ద మూడు సమాన భాగాలుగా మళ్ళీ మడిస్తే కోణం 60 డిగ్రీలు అవుతుంది. దానిని మరొకసారి సగం చేసి, అంచులలో చిన్న చిన్న త్రికోణాలు, అర్ధచంద్రాకారాలు కత్తిరించి విప్పితే ఆరు రేకుల జాలీ కనిపిస్తుంది. అటువంటివి నలభై యాభై చేసి తెల్లని దుప్పటిపై వరుసగా కుట్టితే వేదికకు వెనుక తెర సిద్ధం.

సెహ్రా, బాసికం

నుదుట కట్టుకొనే ఆభరణాన్ని మన రెండు సంప్రదాయాలూ ఎరుగును. తెలుగు వధూవరుల నుదుట బాసికం కడతారు; తేలికైన బెండు, రంగు కాగితం, జరీ, పూసలు దానికి సామగ్రి. నీటి పట్టులలో పెరిగే జీలుగ మొక్క కాండంలోని బెండు తెల్లగా, మెత్తగా ఉండి పదునైన చాకుకు చక్కగా తెగుతుంది. ముస్లిం వరుని ముఖంపై పూలసరాలు వ్రేలాడే సెహ్రా కడతారు.

సెహ్రాకు రెండంగుళాల వెడల్పు గల గుడ్డపట్టీ ఆధారం. దాని ముందు భాగంలో పన్నెండు అంగుళాల మేర అర అంగుళానికొక సరం చొప్పున 24 సరాలు కుట్టాలి. సరం పొడవు 18 అంగుళాలు, అంగుళానికి ఒక మల్లెమొగ్గ అనుకుంటే 432 మొగ్గలు కావాలి. సరం చివర ఒక గులాబీ. మల్లెలను విరిసినవాటిని కాక మొగ్గలనే కోసి, తడి గుడ్డలో చుట్టి ఉంచుకొంటే సాయంకాలానికి సరంలోనే విచ్చుకొంటాయి. దారం నూలుదై, ముందుగా తడిపి ఉంచినదై ఉండాలి.

"సెహ్రా" అన్న పేరు పూలకే కాదు, పెళ్ళిలో వరుని అభినందిస్తూ చదివే కవితకు కూడా చెల్లుతుంది. 1852లో మొగలు యువరాజు మీర్జా జవాన్ బఖ్త్ వివాహ సందర్భంలో మీర్జా గాలిబ్ ఒక సెహ్రా రచించగా, దానికి పోటీగా రాజగురువైన జౌఖ్ మరొకటి రచించిన వృత్తాంతం ఉర్దూ సాహిత్యంలో ప్రసిద్ధం. తెలుగునాట కూడా వధూవరులను ఆశీర్వదిస్తూ "పంచరత్నాలు" వ్రాసి, రంగు కాగితాలపై అచ్చువేయించి పందిరిలో పంచే ఆచారం ఉండేది. వెలకట్టలేని ఈ కానుకకు ఖర్చు కొద్దిపాటి కాగితం, ఒకింత భాషాజ్ఞానం. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషలూ పఠించేవారున్నప్పుడు ఈ ఆచారాన్ని పునరుద్ధరించడానికి ఇంతకన్న అనువైన స్థలం వేరొకటి లేదు.

శుభలేఖలకు కూడా ఇదే మార్గం. 20, 30 అంగుళాల దళసరి ఠావును నాలుగు నిలువులు, నాలుగు అడ్డాలుగా కోస్తే 16 పత్రాలు వస్తాయి. ఒక్కొక్కటి 5 అంగుళాలు, ఏడున్నర అంగుళాలు. 200 శుభలేఖలకు 13 ఠావులు చాలు. ఏటవాలుగా కొన చెక్కిన రెల్లు కలంతో ఉర్దూ పంక్తిని, ప్రక్కన గుండ్రని తెలుగు అక్షరాలను వ్రాసి ఇచ్చిన శుభలేఖను ఎవరూ చిత్తుకాగితాల బుట్టలో వేయరు.

మెహందీ, అనగా గోరింటాకు

మెహందీ అన్నా, గోరింటాకు అన్నా ఒకటే చెట్టు. ఆషాఢంలో తెలుగింటి ఆడపిల్లలు పచ్చి ఆకును రుబ్బి పెట్టుకొంటే, పెళ్ళికి ముందు ముస్లిం ఇండ్లలో ఎండిన ఆకు పొడితో చిత్రమైన లతలు దిద్దుతారు. ఆకును నీడలో ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డతో వస్త్రగాళితం పట్టి, నిమ్మరసంతో తడిపి కొన్ని గంటలు నాననివ్వాలి. ఆకులోని "లాసోన్" అనే వర్ణద్రవ్యం నిమ్మరసపు ఆమ్లంలో మెల్లగా విడివడి, చర్మంలోని కెరటిన్‌ను అంటిపెట్టుకొంటుంది. ఆరెనిమిది గంటలు ఉంచి తీసినప్పుడు నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజులలో ముదురు ఎరుపుకు తిరుగుతుంది. కనుక పెళ్ళికి ఒకటి రెండు రోజులు ముందుగా పెట్టడం ఉచితం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గోరింటాకు సహజంగా నలుపు రంగు ఇవ్వదు. "నల్ల మెహందీ" పేర తక్షణం నల్లగా పండే ముద్దలలో జుట్టు రంగులకు వాడే "పారాఫెనిలీన్ డయామిన్" అనే రసాయనం కలిసి ఉండవచ్చు. అది చర్మంపై బొబ్బలు, మానని మచ్చలు కలిగించగలదు. పెళ్ళికూతురి చేతులు చెడిపోవడంకంటె రంగు కొంచెం తక్కువగా పండటమే మేలు.

పెరటి చెట్టు

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని సామెత. వైద్యం మాట ఎట్లున్నా, అలంకరణకు మాత్రం పెరటి చెట్టును మించినది లేదు. గోరింట కంచెగా పెరుగుతుంది. మల్లె, కనకాంబరం, బంతి పాదులలో పెరుగుతాయి. మరువం, దవనం కుండీలలోనే సువాసనలు వెదజల్లుతాయి. అరటి పిలకలు బావి నీరు పారే చోట తమంత తామే పెరిగి పెళ్ళినాటికి ద్వారపాలకులవలె నిలుస్తాయి.

బంతి విత్తినది మొదలు పూలు రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ముహూర్తం నిశ్చయం కాగానే విత్తితే సరిగ్గా అందివస్తుంది. ఒక్కటే మడిలో కాక పది రోజుల ఎడంతో రెండు మడులు విత్తడం వివేకం. ఒకటి ముందైనా మరొకటి అక్కరకు వస్తుంది.

పూల ఋతువుల విషయంలో రెండు పంచాంగాలకూ గల భేదం గమనించదగినది. తెలుగు పంచాంగంలో అధికమాసం చేరడంవల్ల వైశాఖం ఎల్లప్పుడూ వేసవిలోనే వస్తుంది. కనుక వైశాఖపు పెళ్ళికి మల్లెలు తప్పవు. హిజ్రీ సంవత్సరం 354 రోజులది, అధికమాసం లేదు. అందువల్ల షవ్వాల్ మాసం ఏటేటా సుమారు 11 రోజులు వెనుకకు జరుగుతూ ముప్పదిమూడేండ్లలో ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. తండ్రి సెహ్రాకు మల్లెలు గుచ్చినవారు కుమారుని సెహ్రాకు అదే మాసంలో చామంతులు గుచ్చవలసి రావచ్చు. అప్పుడు దూరం నుండి అధిక ధరకు మల్లెలు తెప్పించడంకంటె ఋతువు ఇచ్చిన పూవును స్వీకరించడమే శోభాకరం.

పెరటి దీపాలు

కార్తికంలో మనం చూచే ఆకాశదీపానికి, ఉర్దూలో "కందీల్" అని పిలిచే దీపగృహానికి చుట్టరికం ఉన్నది. నక్షత్రాకారపు కందీల్‌కు రెండడుగుల పొడవు గల 10 వెదురు బద్దలు కావాలి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం చొప్పున రెండు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి ఐదు కొనలు కలిపి బిగించాలి. తరువాత లోపలి ఐదు కూడళ్ళలో ఐదంగుళాల పుల్లలను నిలబెడితే రెండు నక్షత్రాల నడుమ డొల్ల ఏర్పడుతుంది. గాలిపటాల కాగితం అంటించి, లోపల చిన్న ఎల్.ఇ.డి. బల్బు ఉంచాలి. కొబ్బరి చిప్పలకు రంధ్రాలు తొలిచి బోర్లించినా, ఖాళీ డబ్బాలో తడి ఇసుక దట్టించి మేకుతో పూలగుర్తులు పొడిచినా చక్కని దీపాలవుతాయి. తడి ఇసుక లోపల ఉన్నందున డబ్బా సొట్టపడదు.

ఆకు, కాగితం, వెదురు: ఈ మూడూ నిప్పుకు బంధువులు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటశాల నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని ఒక పాఠశాలలో 94 మంది పసివాళ్ళు మరణించిన దుర్ఘటనను ఎవరూ మరువరాదు. కనుక వంట పొయ్యిలను పందిరికి దూరంగా, గాలి వాటానికి దిగువన ఏర్పాటు చేయాలి. కాగితపు కందీల్‌లో వత్తి దీపం పెట్టరాదు. విద్యుత్ తీగలకు అతుకులుంటే వాటిని కాగితానికి తగలనీయరాదు. రెండు బిందెల నీరు, రెండు బకెట్ల ఇసుక పందిరి మూలల్లో ఉంచాలి. బయటకు పోవడానికి రెండు దారులు విడిచిపెట్టాలి. బాణసంచాను పందిరి దరిదాపులలో కాల్చనీయరాదు.

శాసనం, వృత్తిదారులు, స్త్రీల శ్రమ

పెళ్ళి వేదికలపై వధూవరుల పేర్లు చెక్కడానికి, పూలు, నెమళ్ళు మలచడానికి థర్మోకోల్ చిరకాలం వాడారు. అది మట్టిలో కలియదు. 2021 ఆగస్టులో ప్రకటించిన నిబంధనల ప్రకారం 2022 జూలై 1 నుండి అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ జండాలు మొదలైన ఒకసారి వాడి పారవేసే వస్తువుల తయారీ, అమ్మకం, వినియోగం దేశమంతటా నిషిద్ధమైనవి. అందుచేత బెండు, కాగితం, గుడ్డ, ఆకులవైపు మరలడం పాతకాలపు మోజు కాదు. శాసనానికి అనుగుణమైన నడవడి.

"అన్నీ మనమే చేసుకొంటే చేతివృత్తులవారి గతి ఏమి?" అని ఒక ప్రశ్న రావచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. బుట్టలు, తట్టలు అల్లే మేదరి, పూలు కట్టే మాలకరి, తాటాకు చాపలు అల్లే కుటుంబం మన పెళ్ళిళ్ళపై ఆధారపడినవారే. వారి నైపుణ్యాన్ని మనం రెండు రోజులలో సంపాదించలేము. కనుక మేము సూచించేది ఇది: కాగితపు పని, ముగ్గు, శుభలేఖ, కందీల్ వంటివి మనం చేసుకుందాము; వెదురుపని, బుట్టలు, పందిరి కప్పు వారివద్ద సరసమైన వెలకు కొందాము. అంకుడు కర్రను లక్కరంగులతో తీర్చే ఏటికొప్పాక బొమ్మలు, తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, లాడ్‌బజారు లక్కగాజులు అతిథులకు కానుకలుగా ఇస్తే ఆ ధనం మనలోని కళాకారుల ఇండ్లకే చేరుతుంది. మానవలసిన ఖర్చు వారి కూలి కాదు, ఒక్క రాత్రికి వెలిగి పారవేయబడే ఆడంబరం.

మరొక విషయం. "ఇంటి పని" అనగానే ఆ భారమంతా స్త్రీలపై వేయడం మనకు అలవాటు. పగలంతా వంట, రాత్రంతా పూలు గుచ్చడం వారివంతై, పురుషులు కుర్చీలలో కూర్చుని ఆజ్ఞలిచ్చేటట్లయితే ఆ చేతిపనిలో ఆనందం ఉండదు. ఖర్చు తగ్గినది కాదు, డబ్బు రూపంనుండి చాకిరీ రూపానికి మారినది మాత్రమే. సూది పట్టుకోవడంవల్ల మగవాని గౌరవం తగ్గదు. జండాల పనికి ఎనిమిది గంటలు పడుతుందని పైన లెక్క వేసినది ఇందుకే: గంటలు లెక్కిస్తేనే గంటలు పంచుకోగలుగుతాము.

అదే విధంగా, అలంకరణలో మిగిలిన సొమ్ము కట్నంగా మారితే మనం చేసినది వ్యర్థం. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెప్పుచున్నది. తోరణం ఇంట్లో కట్టుకొని, కట్నం మాత్రం బజారు ధరకు అడిగే పెండ్లికొడుకును పొగడడానికి ఏ సెహ్రా, ఏ పంచరత్నమూ చాలదు.

విద్యార్థులకు, కమిటీవారికి మనవి

చివరగా మేము విద్యార్థి సోదర సోదరీమణులకు, కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న ప్రణాళికను మనవి చేస్తున్నాము.

మొదటిది, "తోరణాల పెట్టె". పాత చీరలు, దుపట్టాలు, ధోవతుల గుడ్డతో త్రికోణపు జండాలు కుట్టి, 231 అడుగుల తోరణం ఒక్కసారి తయారు చేసుకొంటే కాగితంవలె తడిసి చిరిగిపోదు. ఉతికి మడిచి పెట్టెలో భద్రపరచవచ్చు. దానితోపాటు పది కందీళ్ళు, నాలుగు కాగితపు జాలీల తెరలు, కత్తెరలు, దబ్బనాలు ఉంచవచ్చు. మన విద్యార్థుల ఇండ్లలో పెళ్ళి జరిగినప్పుడు దీనిని ఎరువిచ్చి, తిరిగి తీసుకొని, పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఆ లెక్కలు చూడగలరు.

రెండవది, కళాశాల ఆవరణలోని ఖాళీ స్థలంలో గోరింట కంచె, బంతి మడులు, నాలుగు మల్లె పాదులు. వృక్షశాస్త్ర విద్యార్థులు వీటిని పెంచి, ఏ పంట ఎన్ని రోజులకు వచ్చినదో నమోదు చేయవచ్చు.

మూడవది, వార్షికోత్సవ అలంకరణను ఈ ఏటినుండి విద్యార్థులకే అప్పగించడం. గణితశాస్త్ర విద్యార్థులు 37 చుక్కలనుండి ఎన్ని ముగ్గులు, ఎన్ని జాలీలు వస్తాయో చూపగలరు; రసాయనశాస్త్ర విద్యార్థులు బంకను, మెహందీని వివరించగలరు; ఉర్దూ, తెలుగు శాఖల వారు చక్కని చేతివ్రాతతో స్వాగతపత్రాలు వ్రాయగలరు. ఒకే పందిరి క్రింద రెండు లిపులు ప్రక్కప్రక్కన వ్రేలాడటం మన కళాశాలకు సహజమైన అలంకారం.

చదువుకొన్నవారు చేతిపనిని చిన్నచూపు చూడడం మన సమాజాన్ని పట్టిన జాడ్యం. దానికి విరుగుడు కూడా చదువుకొన్నవారి చేతులలోనే ఉన్నది. అప్పులేని పెళ్ళి, ఆకుపచ్చని పందిరి, నలుగురి చేతులు కలిసిన తోరణం: ఈ మూడూ ఒకే ఇంట కనిపించిన నాడు ఆ ఇంటి ఆడపిల్ల చదువు ఆగదు, ఆ ఇంటి పెద్ద తల వంచడు. ఆ దినం త్వరలో రావాలని, దానికి మన కళాశాల మొదటి గుంజ పాతాలని మేము హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము.